రీడ్ స్విచ్ దగ్గర బలరేఖ ఎటు పోతుంది?

సమావేశానికి రాలేకపోయినవాళ్ళు చదువుకోవడం కోసం రికార్డింగ్ విని టైపు చేసిన ప్రసంగం ఇది. తడబాట్లు మాత్రమే తీసేశాం.

అందరికీ నమస్కారం. మాటలు మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం అందరూ నిశ్శబ్దంగా ఉండండి. ఆ ఫ్యాను కూడా ఆపెయ్యండి బాబూ. ఆఁ, ఇప్పుడు వినండి... టిక్. వినపడిందా? మళ్ళీ చేస్తాను... టిక్. ముందు వరసల్లో తలలూపుతున్నారు. వెనకవాళ్ళకి వినపడకపోయినా ఫర్వాలేదు, ఈ ఎర్ర ఎల్‌ఇడి కనిపిస్తోంది కదా, అది వెలిగినప్పుడల్లా టిక్ మందని అనుకోండి.

నా ఎడమచేతిలో ఉన్నది గాజు గొట్టం. పొడవు 14 మిల్లీమీటర్లు, లావు 2 మిల్లీమీటర్లకి కొంచెం ఎక్కువ. లేత ఆకుపచ్చ రంగులో ఉంటుంది. లోపల రెండు సన్నటి లోహపు నాలుకలు. ఒకటి ఈ చివర నుంచి వచ్చింది, ఒకటి ఆ చివర నుంచి వచ్చింది. మధ్యలో ఒకదాని మీదకి ఒకటి కొంచెం వచ్చి ఆగిపోయాయి. తగలవు. వాటి మధ్య ఖాళీని మిల్లీమీటర్లలో చెప్పలేం, మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో చెప్పాలి. కుడిచేతిలో ఉన్నది అయస్కాంతం. దీన్ని దగ్గరకి తెస్తే నాలుకలు అతుక్కుంటాయి, దూరం తీసుకెళ్తే విడిపోతాయి. అంతే! రీడ్ స్విచ్ అంటే ఇంతే. దీనికి బ్యాటరీ అక్కర్లేదు, చిప్పు అక్కర్లేదు, ప్రోగ్రాము అక్కర్లేదు.

మరి ఇంతే అయితే గంటసేపు మాట్లాడ్డానికి ఏముంది? ఉంది. ఎందుకంటే ఈ చిన్న గొట్టంతో పని చేసినవాళ్ళందరికీ ఒకే అనుభవం ఎదురవుతుంది. బల్ల మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తీసుకెళ్ళి పెట్టెలో బిగిస్తే పనిచెయ్యదు. లేకపోతే ఒకసారి కొట్టాల్సిన చోట రెండుసార్లు కొడుతుంది. అప్పుడు ఏం చేస్తాం? ఇంకా పెద్ద అయస్కాంతం తెస్తాం. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఆ అలవాటు గురించే. అయస్కాంతం ఎంత బలమైనదని కాదు, దాని బలరేఖలు ఏ దారిన పోతున్నాయని అడగాలి. ఈ ప్రశ్న అలవాటైతే మీ సమస్యల్లో ముప్పాతిక వంతు అక్కడే తీరిపోతాయి.

సరే, ముందు లోపల ఏం జరుగుతోందో చూద్దాం. ఆ నాలుకలు నికెల్, ఇనుము కలిసిన మిశ్రలోహం. నికెల్ సుమారు 52 శాతం. ఎందుకా పాళ్ళు? రెండు కారణాలు. ఒకటి, అది అయస్కాంతానికి బాగా లొంగుతుంది. రెండోది, వేడెక్కినప్పుడు అది ఎంత వ్యాకోచిస్తుందో ఆ గాజు కూడా దాదాపు అంతే వ్యాకోచిస్తుంది. లేకపోతే అతుకు దగ్గర గాజు పగిలిపోతుంది. ఆకుపచ్చ రంగుకి కూడా కారణం ఉంది. గొట్టం మూసేటప్పుడు పరారుణ కిరణాలతో వేడిచేస్తారు, వాటిని బాగా పీల్చుకునే గాజు అది. లోపల మామూలుగా నైట్రోజన్ నింపుతారు, ఎక్కువ వోల్టేజీ కోసమైతే శూన్యం చేస్తారు. తగిలే చోట రోడియం, రుథీనియం లాంటి గట్టి లోహాల పూత. 1936లో బెల్ టెలిఫోన్ ప్రయోగశాలల్లో వాల్టర్ ఎల్‌వుడ్ దీన్ని తయారుచేశాడు. ఇన్నేళ్ళలో లోపలి అమరిక పెద్దగా మారలేదు. హార్మోనియంలో రీడ్ ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి ఆ పేరెందుకు వచ్చిందో చెప్పక్కర్లేదు. ఒక చివర బిగించి, రెండో చివర వదిలేసిన పలచటి పట్టీ.

ఇప్పుడు ముఖ్యమైన మాట. అయస్కాంతం ఈ నాలుకల్ని తనవైపు లాక్కుంటోందని చాలామంది అనుకుంటారు. కాదు! లాక్కుంటే రెండూ ఒకే వైపు వంగుతాయి, ఒకదానికొకటి ఎందుకు తగులుతాయి? జరిగేది వేరు. బలరేఖలు ఒక చివర నుంచి ప్రవేశించి, మొదటి నాలుక వెంట నడిచి, మధ్యలో ఖాళీ దాటి, రెండో నాలుకలోకి ఎక్కి, ఆ చివర నుంచి బయటపడతాయి. అలా నడిచినప్పుడు ఖాళీకి ఒక పక్కనున్న నాలుక కొస ఉత్తర ధ్రువమవుతుంది, ఎదురుగా ఉన్న కొస దక్షిణ ధ్రువమవుతుంది. అవి రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మీ అయస్కాంతం పని బలరేఖల్ని ఆ దారిన నడిపించడం వరకే. మూసుకునేది నాలుకలు తమంతట తామే.

దీనివల్ల రెండు సంగతులు తేలతాయి. అయస్కాంతాన్ని తిరగేసి పెట్టినా స్విచ్‌కి తేడా తెలియదు. ఉత్తరం, దక్షిణం తారుమారవుతాయి కానీ ఎదురెదురు ధ్రువాలు ఎదురెదురుగానే ఉంటాయి. చూడండి, తిప్పాను... ఎల్‌ఇడి వెలిగింది. మళ్ళీ తిప్పాను... వెలిగింది. రెండోది, బలరేఖలు గొట్టం పొడవునా పోతేనే పని జరుగుతుంది. అడ్డంగా దాటిపోతే ఎంత బలమున్నా లాభం లేదు. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి, దాని దగ్గరకి మళ్ళీ వస్తాను.

స్విచ్ ఎంత సున్నితమైనదో చెప్పడానికి ఆంపియర్-టర్నులు అనే కొలత వాడతారు. గొట్టం చుట్టూ తీగ చుట్టి కరెంటు పంపిస్తారు. 1000 చుట్లు, 20 మిల్లీఆంపియర్లు అనుకోండి, రెండూ గుణిస్తే 20 ఆంపియర్-టర్నులు. మామూలు రీడ్ స్విచ్‌లు 10 నుంచి 60 మధ్యలో మూసుకుంటాయి. 10 అంటే చాలా సున్నితం, 60 అంటే మొండిఘటం. కానీ 20 దగ్గర మూసుకున్న స్విచ్ 19 దగ్గర విడిపోతుందా? విడిపోదు. ఎందుకంటే మూసుకున్నాక మధ్యలో ఖాళీ లేదు, బలరేఖలకి దారి ఇంకా సులువైపోయింది. కాబట్టి తక్కువ బలంతోనే పట్టుకుని ఉండగలదు. ఏ 12 దగ్గరో, 13 దగ్గరో విడుతుంది. ఇక్కడ స్కేలు పెట్టాను, చూడండి. అయస్కాంతాన్ని మెల్లగా తెస్తున్నాను... 12 మిల్లీమీటర్ల దగ్గర వెలిగింది. ఇప్పుడు వెనక్కి తీస్తున్నాను... 12 దాటింది, ఇంకా వెలుగుతూనే ఉంది... 13... 14, ఆరింది. ఈ తేడా లోపం అనుకోకండి, ఇదొక వరం. ఈ తేడా లేకపోతే తలుపు గాలికి కొంచెం కదిలినప్పుడల్లా స్విచ్ టకటకా కొట్టుకుంటుంది.

దూరం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చిన్న అయస్కాంతం నుంచి దూరం జరిగేకొద్దీ దాని బలం దూరం ఘనానికి విలోమంగా పడిపోతుంది. దూరం రెట్టింపైతే బలం సగం కాదు, పావు కాదు, ఎనిమిదో వంతు. అంటే 10 మిల్లీమీటర్ల దగ్గర పనిచేస్తున్న అమరిక 20 దగ్గర పనిచెయ్యాలంటే, అదే రకం అయస్కాంతం ఎనిమిది రెట్లు పెద్దది కావాలి. ఇప్పుడు చెప్పండి, పెద్ద అయస్కాంతం కొనడం తెలివైన పనా, స్విచ్‌ని 10 మిల్లీమీటర్లు ముందుకి జరపడం తెలివైన పనా?

ఇక నా అనుభవం ఒకటి చెప్తాను. కొన్నేళ్ళ కిందట సొంతంగా వానమాపకం కట్టుకున్నాను. ఊగే బకెట్టు రకం. పైన గరాటు, కింద తక్కెడలాగా రెండు చిన్న దొప్పలు. ఒక దొప్ప నిండగానే అటు ఒరుగుతుంది, నీళ్ళు పారబోస్తుంది, రెండోది గరాటు కిందకి వస్తుంది. తక్కెడకి చిన్న అయస్కాంతం, పక్కన రీడ్ స్విచ్. ఒరిగినప్పుడల్లా ఒక లెక్క. గరాటు నోరు 200 చదరపు సెంటీమీటర్లు, దొప్పలో 4 మిల్లీలీటర్లు. అంటే ఒక్క ఒరుగుకి 0.2 మిల్లీమీటర్ల వాన.

పరీక్షగా 400 మిల్లీలీటర్ల నీళ్ళు కొలిచి, సన్నటి ధారగా గంటసేపు పోశాను. ఎన్ని లెక్కలు రావాలి? 100. నాకు 160 దాటి వచ్చాయి. సరిగ్గా 200 వచ్చుంటే, రెండేసి లెక్కపెడుతోంది కాబోలు, సగం చేసుకుందాం అనుకునేవాణ్ణి. 160 ఏమిటి? తీగలు మార్చాను. స్విచ్ మార్చాను. మూసుకునేటప్పుడు నాలుకలు ఒకటి రెండుసార్లు ఎగిరెగిరి పడతాయి కదా, ఆ ఎగురుడు వల్ల అనుకుని ప్రోగ్రాములో 50 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టాను. కొంచెం తగ్గింది, కానీ పోలేదు. నిజానికి రీడ్ స్విచ్ మూసుకుని, ఎగురుడు కూడా ఆగిపోవడానికి ఒక మిల్లీసెకను చాలు. 50 పెట్టినా పోలేదంటే తప్పు ఇంకెక్కడో ఉందన్నమాట.

చివరికి బకెట్టుని చేత్తో పట్టుకుని, వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ ఎల్‌ఇడి వంక చూశాను. వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది. ఆరింది. ఒక్క ఒరుగులో రెండుసార్లు! ఎక్కడ ఆరింది? అయస్కాంతం సరిగ్గా గొట్టం నడిమధ్యకి, అన్నిటికంటే దగ్గరకి వచ్చినప్పుడు ఆరింది. ఆ క్షణం నాకు బాగా గుర్తు. అతి దగ్గరగా ఉన్నప్పుడు ఆరడమేమిటి?

ఇక్కడ బల్ల మీద అదే అమరిక ఉంది, రండి చూడండి. అయస్కాంతం ఒక ధ్రువం గొట్టం వైపు చూస్తోంది, అంటే గొట్టానికి నిలువుగా ఉంది. గొట్టం పొడవు వెంట జరుగుతోంది. నడిమధ్యకి వచ్చినప్పుడు బలరేఖలు గొట్టాన్ని అడ్డంగా గుచ్చుకుని, చెరిసగం అటూ ఇటూ చీలిపోతాయి. రెండు నాలుకల కొసలూ ఒకే ధ్రువమవుతాయి. ఒకే ధ్రువాలు ఎలా అతుక్కుంటాయి? అతుక్కోవు. కొంచెం పక్కకి జరిపితే బలరేఖలు వాలుతాయి, గొట్టం వెంట నడుస్తాయి, మూసుకుంటుంది. రెండో పక్కకి జరిపినా అంతే. అందుకే రెండుసార్లు. లెక్క వేసి చూస్తే, చిన్న అయస్కాంతం గొట్టానికి ఎంత దూరంలో ఉందో అందులో సగం దూరం అటూ ఇటూ జరిగిన చోట ఆ పట్టు గరిష్ఠంగా ఉంటుంది. బకెట్టు వేగంగా ఒరిగినప్పుడు ఆ రెండూ చటుక్కున ముగిసి ఒకటిగా లెక్కకొచ్చేవి, నెమ్మదిగా ఒరిగినప్పుడు రెండుగా. 160 ఎందుకొచ్చిందో అర్థమైందా?

మరి ఎలా సరిచేశాను? అయస్కాంతాన్ని పడుకోబెట్టాను. రెండు ధ్రువాలూ గొట్టానికి సమాంతరంగా. గొట్టాన్ని కూడా తిప్పి, అయస్కాంతం దాని పొడవు వెంట కాకుండా అడ్డంగా దాటేలా పెట్టాను. చూడండి... ఒక్కసారే వెలిగింది, ఒక్కసారే ఆరింది. ఈ రెండో మార్పు అవసరమా అని అడుగుతున్నారా? అవసరమే. సమాంతరంగా ఉన్న అయస్కాంతాన్ని గొట్టం పొడవు వెంట మరీ దగ్గరగా జరిపితే మూడు చోట్ల మూసుకునే ప్రమాదం ఉంది. మధ్యలో బలంగా ఒకటి, అటూ ఇటూ బలహీనంగా రెండు. పక్కనున్న ఆ రెండిటి బలం మధ్యదాంట్లో అయిదో వంతు ఉంటుందంతే. దూరం సరిగ్గా పెట్టుకుంటే అవి మనల్ని బాధించవు. కానీ పెద్ద అయస్కాంతం పెట్టారో, ఆ రెండూ మేలుకుంటాయి! బలం పెంచితే కొత్త జబ్బు వస్తుందని నేను అనడానికి కారణం ఇదే.

ఇప్పుడు కవచం సంగతికి వద్దాం. షీల్డు అంటాం కదా. ఆ మాట వినగానే గొడుగు గుర్తొస్తుంది. వానకి గొడుగు అడ్డం పెట్టినట్టు అయస్కాంతానికి ఏదో అడ్డం పెట్టి ఆపేస్తాం అనుకుంటాం. అలా ఆపే పదార్థం లేదు. అయస్కాంత బలరేఖని ఎవరూ మధ్యలో తెంచలేరు, అది తిరిగి తిరిగి తన అయస్కాంతానికే చేరాలి. మనం చెయ్యగలిగింది ఒక్కటే. ఇంకో దారి, ఇంకా సులువైన దారి చూపించడం. వానకాలంలో పొలానికి నీళ్ళు రాకుండా ఉండాలంటే రైతు ఏం చేస్తాడు? గోడ కట్టడు, పక్కన కాలవ తవ్వుతాడు. ఇనప రేకు ఆ కాలవ.

చేసి చూద్దాం. అయస్కాంతం ఇక్కడ, స్విచ్ ఇక్కడ, మధ్యలో 8 మిల్లీమీటర్ల సందు. ఎల్‌ఇడి వెలుగుతోంది. అట్టముక్క పెడుతున్నాను. వెలుగుతోంది. ప్లాస్టిక్... వెలుగుతోంది. అల్యూమినియం రేకు... రాగి రేకు... వెలుగుతూనే ఉంది. చాలామందికి ఇక్కడే ఆశ్చర్యం. లోహం కదా, ఆపాలి కదా అంటారు. రేడియో తరంగాలకైతే అల్యూమినియం అడ్డుపడుతుంది. కదలకుండా ఉన్న అయస్కాంతానికి అది గాలితో సమానం. ఇప్పుడు ఇనప రేకు, మామూలు మైల్డ్ స్టీలు, ఒక మిల్లీమీటరు మందం... ఆరింది! తీశాను... వెలిగింది. పెట్టాను... ఆరింది. అయస్కాంతం కదల్లేదు, స్విచ్ కదల్లేదు. ఈ అయస్కాంతం ఉత్తర ధ్రువం నుంచి బయల్దేరిన బలరేఖలు స్విచ్ దాకా రాకుండా రేకులోకి దూరి, దాని వెంట పక్కకి పోయి, వెనక నుంచి దక్షిణ ధ్రువానికి చేరుకుంటున్నాయి.

ఈ అమరిక ఎంత చక్కనిదో గమనించారా? కదిలే భాగం మీద తీగ లేదు, అయస్కాంతం లేదు, ఒట్టి ఇనప ముక్క ఉంది. తిరిగే చక్రానికి పళ్ళున్న ఇనప పళ్ళెం బిగించండి. ఒక్కో పన్ను సందులోంచి పోయినప్పుడల్లా స్విచ్ విడుతుంది, పళ్ళ మధ్య ఖాళీ వచ్చినప్పుడల్లా మూసుకుంటుంది. పళ్ళెం మీద ఆరు పళ్ళుంటే చుట్టుకి ఆరు లెక్కలు. ఒక జాగ్రత్త చెప్పాలి. పన్ను వెడల్పు అయస్కాంతం కంటే బాగా ఎక్కువుండాలి, లేకపోతే బలరేఖలు అంచుల మీదుగా చుట్టి వచ్చేస్తాయి. ఇంకోటి, అయస్కాంతం ఆ పన్నుని లాగుతుంది. చక్రం తేలికైనదైతే, గాలివేగం కొలిచే గిన్నెల్లాంటిదైతే, ఆ లాగుడుకి పిల్లగాలిలో అసలు తిరగనే తిరగదు. అలాంటి చోట రేకు జోలికి పోకండి, చిన్న అయస్కాంతాన్నే తిప్పండి.

ఎంత మందం రేకు కావాలి? ఇది చాలామంది తప్పే చోటు, అందుకని లెక్క వేసి చూపిస్తాను. 10 మిల్లీమీటర్ల వ్యాసమున్న నియోడిమియం అయస్కాంతపు బిళ్ళ అనుకోండి. ముఖం వైశాల్యం సుమారు 78 చదరపు మిల్లీమీటర్లు. ముఖం దగ్గర క్షేత్రం బలం 0.4 టెస్లా ఉందనుకుందాం. గుణిస్తే 31 మైక్రోవెబర్ల అభివాహం, అంటే ఆ ముఖంలోంచి వచ్చే బలరేఖల మొత్తం. దీనంతటినీ రేకు మోసుకుని పక్కలకి తీసుకుపోవాలి. బిళ్ళ చుట్టుకొలత 31 మిల్లీమీటర్లు. రేకు మందం 0.2 మిల్లీమీటర్లు, డబ్బా రేకు అలాగే ఉంటుంది, అయితే పోయేదారి వైశాల్యం 31ని 0.2తో గుణిస్తే 6 చదరపు మిల్లీమీటర్ల పైచిలుకు. మైల్డ్ స్టీలు మహా అయితే 2 టెస్లా దాకా మోస్తుంది. అంటే 12, 13 మైక్రోవెబర్లు. మోయాల్సింది 31. మిగతాది ఎటు పోతుంది? పొర్లిపోతుంది. కాలవ నిండితే నీళ్ళు గట్టు దాటినట్టు, రేకు దాటి స్విచ్ మీదకే వస్తుంది. లెక్క ప్రకారం అర మిల్లీమీటరు మందం ఉంటే సరిగ్గా సరిపోతుంది. ధీమాగా ఉండడానికి ఒక మిల్లీమీటరు పెట్టండి. డబ్బా రేకు అడ్డం పెట్టి, షీల్డింగ్ పనిచెయ్యదు అని తేల్చేసినవాళ్ళని నేను చూశాను. పనిచెయ్యక కాదు, కాలవ చాల్లేదు.

మ్యూమెటల్ పెడితే? అని వెనకనుంచి ఒక తమ్ముడు అడుగుతున్నాడు. మంచి ప్రశ్న. మ్యూమెటల్ అంటే దాదాపు 80 శాతం నికెల్ ఉన్న మిశ్రలోహం. బలహీనమైన క్షేత్రాల్ని ఇనుము కంటే ఎంతో బాగా తనలోకి లాక్కుంటుంది. కానీ అది 0.8 టెస్లా దగ్గరే నిండిపోతుంది. అంటే దారి నున్నగా ఉంటుంది కానీ ఇరుకు. బలమైన అయస్కాంతం పక్కన పెడితే వెంటనే పొర్లిపోతుంది. పైగా దాన్ని వంచినా, సుత్తితో కొట్టినా ఆ గుణం పోతుంది, మళ్ళీ హైడ్రోజన్‌లో వేడిచేస్తే గానీ తిరిగి రాదు. కాబట్టి అయస్కాంతం పక్కన మందపాటి ఇనుము, మిగిలిన కొద్దిపాటి లీకుని పట్టడానికి స్విచ్ పక్కన మ్యూమెటల్. రెండూ వాడేటప్పుడు మధ్యలో ఖాళీ వదలండి. మనం చేసే మామూలు పనులకి మ్యూమెటల్ అవసరమే రాదు.

స్టెయిన్‌లెస్ స్టీలు గురించి కూడా అడుగుతారు. స్టెయిన్‌లెస్ ఒక రకం కాదు. 304 రకం అయస్కాంతానికి దాదాపు అంటదు, అది కవచంగా పనికిరాదు. 430 రకం అంటుకుంటుంది, పనికొస్తుంది. చిక్కేమిటంటే 304ని వంచిన చోట, సాగదీసిన చోట కొంచెం అయస్కాంత గుణం వస్తుంది. అందుకని పేరు నమ్మకండి, అయస్కాంతం పెట్టి చూడండి.

ఇంతవరకూ మనం కావాలని పెట్టిన కవచం గురించి మాట్లాడాం. పిలవకుండా వచ్చే కవచం ఒకటుంది. నా మిత్రుడొకాయన ఇనప బీరువాకి అలారం పెట్టుకున్నాడు. బల్ల మీద 25 మిల్లీమీటర్ల దూరం నుంచి హాయిగా పనిచేసిన రీడ్ స్విచ్, అయస్కాంతం జత, బీరువా తలుపుకి బిగించగానే దాదాపు తాకితే గానీ పనిచెయ్యడం లేదు. అయస్కాంతం పాడైందని కొత్తది తెచ్చాడు. అదీ అంతే. ఏం జరిగింది? అయస్కాంతం పడుకుని ఉంది, రెండు ధ్రువాలూ తలుపు రేకుని తాకుతున్నాయి. బలరేఖలకి స్విచ్ దాకా పోవాల్సిన పనేముంది? కాళ్ళకిందే దారి ఉంది! ఇనప తలుపుల మీద దూరం సగానికి సగం పడిపోవడం మామూలే. దానికి మందు పెద్ద అయస్కాంతం కాదు. అయస్కాంతం కింద ఒకటి, స్విచ్ కింద ఒకటి 10 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ దిమ్మెలు పెట్టి ఎత్తాం. పాత అయస్కాంతంతోనే పనిచేసింది. ఇప్పటికీ చేస్తోంది.

అలాగని ఇనుము ఎప్పుడూ శత్రువే అనుకోకండి. బిళ్ళ అయస్కాంతం ఒక ముఖం స్విచ్ వైపు చూస్తున్నప్పుడు, దాని వీపుకి ఇనప బిళ్ళ తగిలిస్తే ముందువైపు బలం పెరుగుతుంది. స్విచ్ రెండు చివర్లకీ చిన్న ఇనప ముక్కలు చేర్చితే అవి బలరేఖల్ని పోగుచేసి లోపలికి పంపిస్తాయి, స్విచ్ మరింత సున్నితమవుతుంది. అసలు స్విచ్ కాళ్ళు కూడా అదే మిశ్రలోహం కదా, అవీ ఆ పనే చేస్తున్నాయి. అందుకే, దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి, కాళ్ళు పొట్టిగా కత్తిరిస్తే స్విచ్ మొండిదవుతుంది. 20 ఆంపియర్-టర్నులకి మూసుకునేది 20కి మూసుకోదు, ఇంకా ఎక్కువ అడుగుతుంది. ఇంకో మాట. కాలు వంచేటప్పుడు గాజు పక్కన ముక్కు శ్రావణంతో గట్టిగా పట్టుకుని, అవతల వంచండి. గాజు దగ్గర వంచితే కంటికి కనపడని పగులు వస్తుంది, లోపలి నైట్రోజన్ పోతుంది. వారం రోజులు పనిచేసి ఆగిపోయే స్విచ్‌ల వెనక కథ చాలాసార్లు ఇదే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇప్పుడు వస్తోంది. రెండో అయస్కాంతం. ఈ స్విచ్ పక్కన చిన్న అయస్కాంతం శాశ్వతంగా అతికించాను. దానివల్ల స్విచ్ ఎప్పుడూ మూసుకునే ఉంది, ఎల్‌ఇడి వెలుగుతోంది. ఇప్పుడు ఇంకో అయస్కాంతం ధ్రువాలు తారుమారు చేసి దగ్గరకి తెస్తున్నాను... ఆరిపోయింది. ఒకదాని బలాన్ని ఇంకోటి రద్దు చేసింది. మామూలుగా తెరుచుకుని ఉండే స్విచ్‌ని మామూలుగా మూసుకుని ఉండేదిగా మార్చేశాం, చిన్న అయస్కాంతం ముక్కతో! ఇందాక ధ్రువం ఎటున్నా ఫర్వాలేదన్నాను. ఇక్కడ మాత్రం ఫర్వా ఉంది. ఇంకో విషయం చూడండి, ఇంకా దగ్గరకి తెస్తున్నాను... మళ్ళీ వెలిగింది. ఎందుకు? రద్దు చేసే స్థాయి దాటి, ఎదురు దిశలో నాలుకల్ని మూసేసింది. కాబట్టి ఎంత దగ్గర దాకా రానివ్వాలో మీరే హద్దు పెట్టాలి.

అతికించిన అయస్కాంతాన్ని ఇంకొంచెం బలహీనం చేస్తే? మన స్విచ్ 20కి మూసుకుంటుంది, 12కి విడుతుంది. శాశ్వత అయస్కాంతం 16 ఇచ్చేలా పెట్టామనుకోండి. 16తో మూసుకోదు. కానీ ఒకసారి మూసుకుంటే 16తో విడిపోదు కూడా. ఇప్పుడు బయటి అయస్కాంతాన్ని ఒక దిశలో ఇలా దాటించాను... వెలిగింది. అయస్కాంతం వెళ్ళిపోయింది, అయినా వెలుగుతూనే ఉంది. తిరగేసి దాటించాను... ఆరింది. ఆరే ఉంది. కరెంటు లేకుండా ఒక విషయాన్ని గుర్తుపెట్టుకునే స్విచ్ ఇది. లిఫ్టు ఏ అంతస్తు దాటిందో, ట్యాంకులో తేలుబుడ్డి ఏ గీత దాటిందో గుర్తుంచుకోగలదు. 1965లో బెల్ వాళ్ళు మొదలుపెట్టిన మొదటి పెద్ద ఎలక్ట్రానిక్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఇదే కుటుంబానికి చెందిన స్విచ్‌లు వాడారు. ఫెర్రీడ్ అని పేరు. ఒక్క క్షణం కరెంటు పంపితే చుట్టూ ఉన్న అయస్కాంత పదార్థం ఆ గుణాన్ని నిలుపుకుంటుంది, మాట్లాడుతున్నంతసేపూ కరెంటు ఖర్చు లేకుండా లైను కలిసి ఉంటుంది.

అయస్కాంతాల రకాల గురించి క్లుప్తంగా. నియోడిమియం బలమైనది, కానీ మామూలు రకం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది, చల్లారినా పూర్తిగా తిరిగి రాదు. ఫెర్రైట్ చవక, తుప్పు పట్టదు, కానీ ఒక్కో డిగ్రీకి 0.2 శాతం చొప్పున బలం తగ్గుతుంది. ఆల్నికో వేడికి చలించదు, కానీ ఎదురు అయస్కాంతం వస్తే తన గుణం తేలిగ్గా పోగొట్టుకుంటుంది. ఎండలో ఉండే పెట్టె అయితే ఈ లెక్క ముందే చూసుకోండి.

కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెట్టొచ్చా అని అడిగారు. 50 హెర్ట్జ్ క్షేత్రం గట్టిగా ఉంటే నాలుకలు సెకనుకి 100 సార్లు కొట్టుకుంటాయి. 50 కాదు, 100. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు. ధ్రువం ఎటున్నా మూసుకుంటుంది కాబట్టి. అలాంటి చోట స్విచ్ చుట్టూ ఇనప గొట్టం తొడిగి, మన అయస్కాంతం వచ్చే పక్క మాత్రం తెరిచి ఉంచండి. ఎవరైనా బయట నుంచి ఇంకో అయస్కాంతం పెట్టి అలారాన్ని మోసం చేస్తారేమో అని భయమున్నచోట కూడా అదే తొడుగు సగం రక్షణ. మిగతా సగానికి ఇంకో రీడ్ స్విచ్ పక్కనే పెట్టండి. మామూలు అయస్కాంతం దానిదాకా అందకూడదు. అది మూసుకుందంటే ఎవరో పరాయి అయస్కాంతం తెచ్చారన్నమాట.

సరే, ఇక మీ చేతులకి పని. బల్ల మీద గ్రాఫు కాగితాలున్నాయి, ఒక్కొక్కరూ ఒకటి తీసుకోండి. రీడ్ స్విచ్‌ని కాగితం మధ్యలో టేపుతో అతికించండి. అయస్కాంతాన్ని ఒకే దిశలో పట్టుకుని అన్ని వైపుల నుంచీ మెల్లగా తీసుకురండి. వెలిగిన చోటల్లా ఎర్ర చుక్క, ఆరిన చోటల్లా నీలం చుక్క. ముందు సమాంతరంగా పట్టుకుని ఒక కాగితం, తర్వాత నిలువుగా పట్టుకుని ఇంకో కాగితం. చుక్కలు కలిపితే ఆకులు విచ్చుకున్నట్టు బొమ్మలు వస్తాయి. ఆ తర్వాత రేకు అడ్డం పెట్టి మూడో కాగితం గీయండి. అరగంటలో మళ్ళీ కలుద్దాం, మీ కాగితాలు ఈ గోడకి వరసగా అంటిద్దాం. రేకులు జాగ్రత్త, అంచులు పదునుగా ఉన్నాయి.